రే రియర్డన్: ఆరు ప్రపంచ టైటిళ్ళు, దిగిపోయాక ముప్పై ఏళ్ళు

నల్లబంతి | రాత్రి 9:12

మన స్నూకర్ విభాగంలో రానీ ఓ'సలివన్ గురించి తవ్వినకొద్దీ థ్రెడ్లు. స్టీఫెన్ హెండ్రీకి కూడా అభిమానులు బాగానే ఉన్నారు. రే రియర్డన్ పేరు మీద మాత్రం ఒక్కటీ కనబడలేదు. అందుకే మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. 1932 అక్టోబర్ 8న వేల్స్‌లో ట్రెడీగర్ అనే బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడు. 14 ఏళ్ళకే చదువు మానేసి తండ్రి వెంట గనిలోకి దిగాడు. క్యూ (ఆడే కర్ర) పట్టుకునే చేతులు పాడవకూడదని గనిలో తెల్ల గ్లవ్స్ వేసుకుని పనిచేసేవాడట. తోటి కార్మికులు ఎంత ఏడిపించి ఉంటారో ఊహించుకోండి. 1950 నుంచి 1955 దాకా వరసగా ఆరేళ్ళు వేల్స్ అమెచ్యూర్ ఛాంపియన్.

తర్వాత కుటుంబం ఇంగ్లండ్‌లోని స్టోక్‌కి మారింది. అక్కడి గనిలో ఒకరోజు పైకప్పు కూలి మూడు గంటలు శిథిలాల కింద ఇరుక్కుపోయాడు. కాలూ చెయ్యీ కదిపే వీల్లేదు. బుర్ర చెదిరిపోకుండా ఉండటానికి తమ్ముడితో గోలీలు ఆడుతున్నట్టు ఊహించుకుంటూ గడిపాడట. బయటపడ్డాక గనికి దండం పెట్టి పోలీసు ఉద్యోగంలో చేరాడు. 1964లో ఇంగ్లిష్ అమెచ్యూర్ టైటిల్, 1967లో ప్రొఫెషనల్ అయ్యాడు. మొదటి ప్రపంచ టైటిల్ 1970లో, 37 ఏళ్ళ వయసులో. ఆ తర్వాత 1973, 74, 75, 76, మళ్ళీ 1978.

ఆటలో శిఖరం చూసి దిగినవాళ్ళు తర్వాత ఎలా బతికారన్నది నాకు ఆసక్తి. ఆ లెక్కన ఇతన్ని మించినవాడు ఈ ఆటలో లేడని నా అభిప్రాయం. మీరేమంటారు?

---

సైడ్‌స్పిన్ శీను | రాత్రి 9:40

మనిషి మంచివాడే, కాదనను. కానీ ఆరు టైటిళ్ళని హెండ్రీ ఏడు టైటిళ్ళ పక్కన పెట్టి చూడకండి బాస్. 1970 ప్రాంతంలో ప్రొఫెషనల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. రెండు మూడు మ్యాచ్‌లు గెలిస్తే ఫైనల్. 90ల్లో క్వాలిఫై అవ్వడానికే వందల మంది కొట్టుకునేవాళ్ళు. హెండ్రీ సెంచరీలు (ఒకే దఫాలో వంద పాయింట్లు, ఆపైన) 775. రియర్డన్ కాలంలో ఒక సెంచరీ కొడితే పేపర్లో వార్త.

---

లెక్కల మాస్టారు | రాత్రి 10:05

శీను గారూ, మంది తక్కువ అన్నది నిజమే. కానీ మ్యాచ్ ఎంత పొడుగో కూడా చూడాలి కదా.

1970 ఫైనల్: జాన్ స్పెన్సర్ మీద 37–33. అంటే 70 ఫ్రేములు (ఒక్కో ఆట ఒక ఫ్రేము). ఇప్పటి ప్రపంచ ఫైనల్ మహా అయితే 35 ఫ్రేములు.

1973 సెమీస్: మళ్ళీ స్పెన్సరే. 12–19తో వెనకబడి 23–22తో గెలిచాడు. ఫైనల్లో ఎడీ చార్ల్‌టన్ మీద 38–32.

1975, ఆస్ట్రేలియాలో. చార్ల్‌టన్‌ది అదే దేశం, జనమంతా అతని వైపు. రియర్డన్ 23–29. చార్ల్‌టన్ ఇంకో రెండు ఫ్రేములు గెలిస్తే కప్పు అతనిది. అక్కణ్ణుంచి రియర్డన్ వరసగా ఏడు ఫ్రేములు లాగేశాడు. చివరికి 31–30.

రోజుల తరబడి సాగే మ్యాచ్‌లో అదృష్టం ఒక పూట పనిచేస్తుంది, రెండో పూట పనిచెయ్యదు. ఆ ఏడు ఫ్రేముల్ని నేను ఒకే దఫాలో గరిష్ఠ పాయింట్లు తెచ్చే ఏ 147 బ్రేక్‌కీ తక్కువగా చూడను.

---

క్యూ_చాక్ | రాత్రి 10:11

అన్నా, 61 ఫ్రేములా?! మా పార్లర్‌లో మూడు ఫ్రేములు ఆడేసరికి జేబు ఖాళీ 😅

---

బర్కత్‌పురా బాబాయ్ | రాత్రి 10:58

సెంచరీల లెక్క గురించి ఒక మాట. ఆ రోజుల్లో టేబుల్ వేరు, బంతులు వేరు. అప్పుడు వాడినవి సూపర్ క్రిస్టలేట్ బంతులు. ఇప్పుడు వస్తున్నవాటిలాగా ముట్టుకోగానే ఎర్రబంతుల గుత్తి విడిపోయేవి కావు. గుడ్డ మందం. ఇప్పుడు టీవీలో చూసే టేబుళ్ళకి పలక కింద హీటర్లు ఉంటాయి. గుడ్డ ఎప్పుడూ పొడిగా ఉంటుంది కాబట్టి తెల్లబంతి జారిపోతూ వెళ్తుంది.

హీటర్ లేని టేబుల్ ఎలా ఉంటుందో మన హైదరాబాద్‌లో ఆడినవాడికి చెప్పక్కర్లేదు. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టి రెండ్రోజులు వదలకపోతే గుడ్డ చెమ్మ లాగేస్తుంది. నిన్న నల్లబంతి నుంచి నీలం దాకా వచ్చిన తెల్లబంతి ఇవాళ పింక్ దగ్గరే ఆగిపోతుంది. పాత క్లబ్బుల్లో మార్కర్లు (టేబుల్ చూసుకునేవాళ్ళు) పొద్దున్నే గుడ్డని బ్రష్ చేసి, బాక్ (ఆట మొదలుపెట్టే చివర) వైపు నుంచి నల్లబంతి వైపు ఒకే దిశలో ఇస్త్రీ పెట్టెని మెల్లగా లాగేవాళ్ళు. వెనక్కి లాగితే నూగు లేచిపోతుంది, బంతి పక్కకి పోతుంది. తొందరపడి ఎవరైనా ఆ సమయంలో క్యూ తీస్తే మార్కర్ చూపుకే భస్మం.

అలాంటి టేబుల్ మీద ఒకే బ్రేక్‌లో ఫ్రేమ్ ముగించడం ఎప్పుడో కానీ కుదరదు. 30 కొట్టి, తెల్లబంతిని దాచిపెట్టి, వాడు తప్పు చేసేదాకా ఆగాలి. రియర్డన్ ఆటంతా అదే. మెల్లగా ఒక్కో ఈకా పీకినట్టు పీకేవాడు.

---

సైడ్‌స్పిన్ శీను | రాత్రి 11:20

బాబాయ్ గారూ, వినడానికి బాగుంది. చూడటానికి మాత్రం నిద్రొస్తుంది.

---

పద్మారావునగర్ పద్మ | ఉదయం 6:35

నిద్రొచ్చే ఆటే అయితే బీబీసీ రంగుల టీవీకి ప్రచారం చెయ్యడానికి దాన్నే ఎందుకు పెట్టుకుంటుంది? 1969లో "పాట్ బ్లాక్" అనే కార్యక్రమం మొదలైంది అందుకే. రంగు రంగుల బంతులు, ఒక్క ఫ్రేమ్ మ్యాచ్‌లు. మొదటి సిరీస్ గెలిచింది రియర్డనే. నుదుటి మీదకి కోసుగా దిగిన జుట్టు, కోరపళ్ళ నవ్వు చూసి జనం డ్రాకులా అని పేరు పెట్టారు. ఆయన కూడా ఆ పేరుని బాగానే వాడుకున్నాడు. 1978లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ని బీబీసీ మొదటిసారి రోజూ చూపించింది. ఆ ఏడాదే పెర్రీ మాన్స్ మీద 25–18తో ఆరో టైటిల్.

నాకు ఆయన గుర్తుండేది మాత్రం గెలిచిన మ్యాచ్‌తో కాదు. 1982 ఫైనల్, అలెక్స్ హిగ్గిన్స్‌తో. అందరూ చూసిన వీడియోనే: హిగ్గిన్స్ 135 పాయింట్ల క్లియరెన్స్ (టేబుల్ మీద బంతులన్నీ ఒకే దఫాలో వేసెయ్యడం) కొట్టి 18–15తో గెలిచి, ఏడుస్తూ భార్యనీ చంటిబిడ్డనీ రమ్మని పిలుస్తాడు. ఈసారి చూసినప్పుడు రియర్డన్‌ని చూడండి. 49 ఏళ్ళ మనిషి. 15–15 దాకా పట్టు వదలకుండా వచ్చి చివరి మూడు ఫ్రేములు పోగొట్టుకున్నాడు. మొహంలో చిన్న చిరాకు కూడా లేదు.

---

ఈస్ట్ మారేడ్‌పల్లి | ఉదయం 8:02

పద్మ గారు హిగ్గిన్స్ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. 1972, 1982 రెండుసార్లు ఛాంపియన్. అంత ప్రతిభ ఉండి చివరికి ఏం మిగిలింది? తాగుడు, జూదం, అధికారుల్ని కొట్టడం. 1986లో ఒక అధికారిని తలతో గుద్ది 12,000 పౌండ్ల జరిమానా, అయిదు టోర్నీల నిషేధం. 2010లో బెల్‌ఫాస్ట్‌లో ఒంటరిగా ఒక ఫ్లాట్లో పోయాడు. వయసు 61. రియర్డన్ 91 ఏళ్ళు హాయిగా బతికాడు. క్రమశిక్షణ అంటే అదీ. మన పిల్లలకి చెప్పాల్సింది ఇదే.

---

పద్మారావునగర్ పద్మ | ఉదయం 8:30

అంకుల్, మీ మీద గౌరవంతోనే అంటున్నా, ఈ మంచి బాలుడు, చెడ్డ బాలుడు కథ నాకు నచ్చదు. హిగ్గిన్స్‌కి గొంతు క్యాన్సర్ వచ్చింది. చికిత్సలో పళ్ళు పోయాయి, సరిగ్గా తినలేక చిక్కి శల్యమైపోయాడు. పళ్ళు కట్టించడానికి స్నేహితులు చందా కార్యక్రమం పెట్టారు. ఆ క్యాన్సర్‌తో పన్నెండేళ్ళు పోరాడిన మనిషిని పట్టుకుని క్రమశిక్షణ లేక పోయాడు అనేస్తే ఎలా?

ఇంకో సంగతి. స్నూకర్ హాళ్ళకి జనాన్ని రప్పించింది హిగ్గిన్స్. అతని వేగం, అతని గొడవలు చూడటానికే సగం మంది టీవీ పెట్టేవాళ్ళు. 1978లో రియర్డన్‌కి దక్కిన మొదటి బహుమతి 7,500 పౌండ్లు. నాలుగేళ్ళకి హిగ్గిన్స్‌కి దక్కింది 25,000. ఆ డబ్బు పెరగడంలో హిగ్గిన్స్ వాటా ఎంతో ఉంది.

---

ఈస్ట్ మారేడ్‌పల్లి | ఉదయం 8:41

జబ్బు మాట వేరమ్మా. అధికారిని తలతో గుద్దమని జబ్బు చెప్పలేదు కదా.

---

నిర్వాహకుడు | ఉదయం 9:00

హిగ్గిన్స్ గురించి వేరే థ్రెడ్ తెరుచుకోండి. ఇక్కడ రియర్డన్ దగ్గరే ఉందాం.

---

నల్లబంతి | ఉదయం 10:15

1982 తర్వాత సంగతి నేను చెప్తాను.

ఆ ఫైనల్ పోయాక అందరూ ముసలాయన పనైపోయింది అనుకున్నారు. అదే ఏడాది చివర్లో, 50 నిండిన కొద్ది రోజులకే, ప్రొఫెషనల్ ప్లేయర్స్ టోర్నమెంట్ గెలిచాడు. ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు, కుర్ర జిమ్మీ వైట్, 10–5. ర్యాంకింగ్స్ 1976లో పెట్టినప్పుడు మొదటి నంబర్ వన్ రియర్డనే. మధ్యలో ఒక ఏడాది క్లిఫ్ థోర్‌బర్న్‌కి పోయిన ఆ స్థానం 1982లో మళ్ళీ వెనక్కొచ్చింది.

తర్వాత స్టీవ్ డేవిస్ యుగం. 1985లో సెమీస్ దాకా వెళ్ళాడు గానీ డేవిస్ 16–5తో ఊడ్చేశాడు. చూపు మందగించింది. ఈ ఆటలో చూపు తగ్గితే ఏముంటుంది? అయినా 1988లో బ్రిటిష్ ఓపెన్‌లో అదే డేవిస్‌ని 5–0తో కొట్టాడు, అప్పటికి 55 ఏళ్ళు. 1991లో క్యూ పక్కన పెట్టేశాడు.

అక్కడితో చాలామంది కథ ఆగిపోతుంది. టీవీలో వ్యాఖ్యానం, లేదంటే పాత విజయాల గురించి మాట్లాడి డబ్బులు. ఈయన డెవాన్‌లో సముద్రం పక్కన స్థిరపడి గోల్ఫ్ ఆడుకున్నాడు. పదేళ్ళ పైన ఆయన్ని ఎవరూ పెద్దగా తలుచుకోలేదు. 2004లో ఫోన్ మోగింది.

---

క్యూ_చాక్ | ఉదయం 10:17

సస్పెన్స్ ఏంటన్నా, చెప్పండి!

---

బర్కత్‌పురా బాబాయ్ | మధ్యాహ్నం 1:25

నేను చెప్తా బాబూ, అది నాకు ఇష్టమైన భాగం.

రానీ ఓ'సలివన్ అప్పటికి ఒకసారే ప్రపంచ ఛాంపియన్, 2001లో. బంతులు పాట్ చెయ్యడంలో, అంటే పాకెట్లో వెయ్యడంలో, వాడికి ఎవరూ నేర్పాల్సింది లేదు. కానీ పాట్ దొరకనప్పుడు విసుగు. విసుగొస్తే పిచ్చి షాట్. వాడి తండ్రి చొరవతో రియర్డన్ రంగంలోకి దిగాడు. శిష్యుడికి 28, గురువుకి 71.

రియర్డన్ వాడి స్ట్రోక్‌ని ముట్టుకోలేదు. అవతలివాడికి ఏం మిగులుస్తున్నావు అన్నది చూడమన్నాడు. ఒక షాట్ ఊహించుకోండి. ఎర్రబంతులు నల్లబంతి పక్కన చెదిరి ఉన్నాయి, పడే బంతి ఒక్కటీ లేదు. కుర్రాడైతే దూరపు పాట్ ఒకటి గుడ్డిగా కొడతాడు. రియర్డన్ నేర్పిన ఆటలో అయితే, ఎర్రబంతి అంచుని తాకీ తాకనట్టు తాకించాలి. తెల్లబంతి రెండు కుషన్లు (టేబుల్ అంచులు) తగిలి టేబుల్ పొడవునా వెనక్కి వచ్చి, బాక్ దగ్గర ఆకుపచ్చ వెనకో, గోధుమ వెనకో కుషన్‌కి ఆనుకుని ఆగాలి. ఎదుటివాడు వంగి చూస్తే ఎర్రబంతి అసలు కనబడకూడదు. క్యూ నిటారుగా ఎత్తి పట్టుకుంటే తప్ప తెల్లబంతి తగలకూడదు. అక్కడ వాడు ఫౌల్ చేస్తే నాలుగు పాయింట్లు, దాంతోపాటు మనకి తేలికైన ఎర్రబంతి.

ఆ ఏడాది షెఫీల్డ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీస్‌లో ఓ'సలివన్ హెండ్రీని 17–4తో కొట్టాడు. శీనూ, మీ హెండ్రీనే. ఫైనల్లో గ్రేమ్ డాట్ మీద మొదట 0–5తో వెనకబడ్డాడు. పాత రానీ అయితే అక్కడే చిరాకుపడి మ్యాచ్ వదిలేసేవాడు. 18–8తో గెలిచాడు.

---

సైడ్‌స్పిన్ శీను | మధ్యాహ్నం 1:50

హెండ్రీకి అప్పటికి ఫామ్ పోయింది, అది కూడా రాయండి మరి. 17–4 లెక్క రియర్డన్ ఖాతాలో వెయ్యడం అన్యాయం. ఓ'సలివన్ ఆ రోజు ఏది కొట్టినా పడింది.

సేఫ్టీ (ఎదుటివాడికి షాట్ మిగల్చకుండా ఆడటం) విషయంలో మాత్రం తేడా కనబడింది, ఒప్పుకోవాలి. ఆ తర్వాత రానీ సేఫ్టీ ఆడటంలో కూడా అందరికంటే మెరుగైనవాళ్ళలో ఒకడయ్యాడు.

---

లెక్కల మాస్టారు | మధ్యాహ్నం 2:30

ఇంకో తమాషా ఉంది. 1978లో ఆరో టైటిల్ గెలిచినప్పుడు రియర్డన్ వయసు 45 ఏళ్ళ 203 రోజులు. క్రూసిబుల్‌లో (ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగే షెఫీల్డ్ హాలు) అంత పెద్ద వయసులో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు 44 ఏళ్ళ పాటు ఇంకొకడు రాలేదు. 2022లో ఆ రికార్డు పోయింది. ఎవరు బద్దలుకొట్టారు? ఓ'సలివనే. 46 ఏళ్ళ వయసులో జడ్ ట్రంప్ మీద 18–13. హెండ్రీ ఏడు టైటిళ్ళ రికార్డుని కూడా అప్పుడే అందుకున్నాడు. మొదటి బహుమతి 5 లక్షల పౌండ్లు. 1978 బహుమతితో పోల్చి మీరే భాగించుకోండి.

సొంత రికార్డుని పడగొట్టే పనిముట్లు రియర్డన్ తన చేత్తోనే ఇచ్చాడన్నమాట.

---

ఈస్ట్ మారేడ్‌పల్లి | సాయంత్రం 5:10

మనవైపు కూడా ఇలాంటి మనిషి ఉన్నారు. విల్సన్ జోన్స్. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచి, వ్యక్తిగత క్రీడలో భారతదేశం నుంచి మొదటి ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 1964లో మళ్ళీ గెలిచారు. ఆట మానేశాక శిక్షకుడిగా మారి 1996లో ద్రోణాచార్య అందుకున్నారు. ఇప్పటి పిల్లలకి పంకజ్ అద్వానీ తెలుసు, జోన్స్ పేరు చెప్తే మొహం చూస్తారు. స్నూకర్ పుట్టిందే మన జబల్పూర్‌లో సైనికాధికారుల మెస్‌లో, 1875లో. నియమాలు రాసుకుని గోడకి తగిలించింది ఊటీ క్లబ్బులో.

---

క్యూ_చాక్ | సాయంత్రం 6:45

2016లో మన హైదరాబాద్ కన్వెన్షన్ సెంటర్ హెచ్‌ఐసీసీలో ఇండియన్ ఓపెన్ జరిగిందట కదా, ఆంథనీ మెక్‌గిల్ గెలిచింది. నేను అప్పుడు స్కూల్లో ఉన్నా, ఎవరూ తీసుకెళ్ళలేదు 😭

సీరియస్‌గా ఒక డౌట్. ఈ సేఫ్టీ ఆట మన పార్లర్లలో ఎవరూ ఎందుకు ఆడరు? మొన్న నేను ఒక ఎర్రబంతిని వదిలేసి తెల్లబంతిని వెనక్కి తెచ్చి పెట్టా. మా గ్యాంగ్ అంతా ఒకటే అరుపులు, "ఏం భయ్, డర్ గయా క్యా" అని.

---

పద్మారావునగర్ పద్మ | సాయంత్రం 7:20

భయం కాదు తమ్ముడూ, బిల్లు. పార్లర్లో టేబుల్‌కి గంట లెక్కన వసూలు చేస్తారు. ఓడినవాడే కట్టాలన్నది హైదరాబాద్ అంతటా ఒకటే రూలు. సేఫ్టీ మీద సేఫ్టీ ఆడుతూ కూర్చుంటే ఫ్రేమ్ ముప్పావుగంట పడుతుంది, ఆ డబ్బు ఎవడి జేబులోంచి పోతుందో తెలీదు. అందుకని అందరూ కొట్టెయ్ కొట్టెయ్ అంటారు. పాత క్లబ్బుల్లో సభ్యత్వం ఉన్న పెద్దవాళ్ళకి గడియారం బాధ తక్కువ, అందుకే వాళ్ళు సేఫ్టీ బాగా ఆడతారు. ఆట తీరుని సగం టేబుల్ అద్దే నిర్ణయిస్తోంది.

---

బర్కత్‌పురా బాబాయ్ | రాత్రి 8:05

పద్మమ్మ చెప్పింది అక్షరాలా నిజం. దీనికి ఒక ఉపాయం ఉంది. ఫ్రేమ్ ఆడొద్దు. మధ్యాహ్నం రేటు తక్కువ ఉన్నప్పుడు వెళ్ళి, నల్లబంతి చుట్టూ ఎర్రబంతులు చెదరగొట్టి పెట్టుకో. పాట్ నిషేధం. ఒకడు సేఫ్టీ కొట్టాలి, రెండోవాడు దానికి జవాబు కొట్టాలి. తెల్లబంతి బాక్ గీత దాటి వెనక ఆగకపోతే ఒక పాయింట్ పోయినట్టు. పది పాయింట్లు పోయినవాడు టీ తాగించాలి. అలా ఒక గంట ఆడితే నెలరోజుల అరుపుల ఆట కంటే ఎక్కువ తెలుస్తుంది.

మెల్లగా కొట్టడం ముందు నేర్చుకో. మీ కుర్రాళ్ళందరూ తెల్లబంతిని పగబట్టినట్టు కొడతారు.

---

నల్లబంతి | రాత్రి 9:30

ఈ థ్రెడ్‌లో రావాల్సింది ఒకటి మిగిలింది. వెల్ష్ ఓపెన్ విజేతకి ఇచ్చే కప్పుకి ఇప్పుడు రే రియర్డన్ ట్రోఫీ అని పేరు. 2017లో స్టువర్ట్ బింగమ్‌కి ఆయనే స్వయంగా అందించాడు. 84 ఏళ్ళ వయసు. 2024 జూలై 19న క్యాన్సర్‌తో పోయాడు, 91 ఏళ్ళకి.

శీను గారూ, ఆ 2004 ఫైనల్ మొత్తం కాకపోయినా మొదటి రోజు ఆట ఒకసారి చూడండి. 0–5 నుంచి ఎలా కోలుకున్నాడో చూశాక చెప్పండి.

---

సైడ్‌స్పిన్ శీను | రాత్రి 9:52

చూస్తా. నా ఓటు మాత్రం హెండ్రీకే. బాబాయ్ గారూ, ఆ టీ పందెం ఆటకి నేను కూడా వస్తా, ఎక్కడో చెప్పండి.

---

బర్కత్‌పురా బాబాయ్ | రాత్రి 10:03

నారాయణగూడ వైపు అయితే నాకు దగ్గర. చోటు, టైము మెసేజ్ పెడతా. క్యూ_చాక్, నువ్వు కూడా రా, మీ గ్యాంగ్‌ని మాత్రం ఇంట్లో వదిలేసి రా.